తిప్పి పంపిన గిన్నె

ప్రశ్న: మాది రాజమండ్రి. పెళ్లయి మూడేళ్లు. ఎనిమిది నెలల కిందట షార్జా వచ్చాం. మావారి ఉద్యోగం దుబాయ్‌లో. రంజాన్ నెలలో ఒక సాయంత్రం ఎదురింటి అరబ్బు ఆవిడ గిన్నె నిండా వంటకం తెచ్చిచ్చింది. మూత తీస్తే మాంసం. మేం ముట్టం. "మేం తినం" అని అక్కడికక్కడే తిరిగిచ్చేశాను. ఆవిడ మొహం చిన్నబోయింది. ఆ రాత్రి మావారు "నా పరువు తీశావు" అని కేకలేశారు. అప్పట్నుంచీ బయటికెళ్తే బొట్టు తీసెయ్యమంటారు, ఇంట్లో అగరొత్తి వెలిగించొద్దంటారు. లిఫ్టులో ఆవిడ ఎదురవుతుందేమోనని నేను కిందికే దిగడం లేదు. ఇంటికి వచ్చేయాలనుంది.

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. మీరు తప్పు చేయలేదు, తెలియక చేశారు. ఆవిడ కూడా మీరు శాకాహారులని తెలియకే తెచ్చింది. ఉపవాసం విడిచే వేళకు ఇరుగుపొరుగుకి వంటకం పంచుకోవడం అక్కడ పుణ్యకార్యం. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వండిన చెయ్యి అది. అందుకే మొహం చిన్నబోయింది. మన ఇళ్లలో సంక్రాంతికి పంచిన అరిసెలు ఎవరైనా గుమ్మంలోనే తిరిగిస్తే మనకెలా ఉంటుంది? ఇకముందు ఎవరేం తెచ్చినా రెండు చేతులా అందుకోండి, "షుక్రన్" అనండి. తినకపోతే కింద వాచ్‌మన్‌కి ఇవ్వచ్చు. మీరు మాంసం ముట్టరన్న సంగతి మర్నాడు నెమ్మదిగా చెప్పచ్చు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది గిన్నె సంగతి కాదు, బొట్టు సంగతి. ఆ ఊరు మిమ్మల్ని అడిగేవి కొన్ని ఉన్నాయి. మీ భర్త భయం అడుగుతున్నవి వేరే ఉన్నాయి. రెండూ కలిసిపోయి మీకు ఊపిరాడటం లేదు.

ఊరు అడిగేవి నిజంగానే గట్టివి. యూఏఈలో రాష్ట్రాల్లాంటి ఎమిరేట్లలో మద్యం పూర్తిగా నిషేధించింది షార్జాయే. బట్టల విషయంలో 2001 నుంచి నియమాలున్నాయి: వీపూ పొట్టా కనిపించకూడదు, మోకాళ్లు కప్పాలి. చీర కట్టుకోండి, పైట నిండుగా కప్పుకోండి, చాలు. రంజాన్ పగళ్లలో పదిమంది మధ్య తినడం, తాగడం వద్దు. అడగకుండా ఎవరి ఫొటోలూ తీయకండి, ముఖ్యంగా ఆడవాళ్లవి. ఎవరితో తగాదా వచ్చినా వాట్సాప్‌లో తిట్టు రాయకండి, అది కేసవుతుంది. ఇంకొకటి, ఇది చాలామంది తెలుగువాళ్లకి తెలియదు: గసగసాలు అక్కడ నిషిద్ధం. మీ అమ్మగారు ప్రేమగా పంపే మసాలా పొడిలో కూడా అవి ఉండకూడదు. ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.

బొట్టు మాత్రం ఎవరూ తీయమనలేదు. ఇంట్లో దీపం వద్దని ఎవరూ అనలేదు. ఏ మతాన్ని కించపరిచినా నేరమని 2015లోనే ఆ దేశం చట్టం చేసింది. దుబాయ్‌లోని జెబెల్ అలీలో 2022లో హిందూ ఆలయం తెరిచారు, అబూధాబీలో 2024లో ఇంకా పెద్దది తెరిచారు. ఒక సెలవురోజు ఇద్దరూ వెళ్లి రండి. ఆయన కళ్లతో చూస్తే నా మాట కంటే బాగా నమ్ముతారు.

ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంది, మీది ఆయనతో. ఎవరైనా ఫిర్యాదు చేస్తే అంతా కూలిపోతుందని ఆ రాత్రి బెదిరిపోయి ఉంటారు. కానీ తన భయాన్ని మీ నుదుటి మీద చల్లార్చుకోవడం న్యాయం కాదు. కేకలు లేని వేళ చూసి అడగండి: "మీకు దేనికి భయం? కంపెనీలో ఎవరైనా ఏమైనా అన్నారా?" జవాబు పూర్తిగా వినండి. తర్వాత మీ మాట చెప్పండి: "ఊరి నియమాలు ఒక్కటీ తప్పను. నా బొట్టు మాత్రం తీయను." ఆ రెండో మాట మెత్తగానే అనండి, కానీ వెనక్కి తీసుకోకండి.

వీలైతే ఇద్దరూ దుబాయ్‌లో అల్ ఫాహిదీ పాతపేటలోని సాంస్కృతిక కేంద్రానికి వెళ్లండి. స్థానికులు భోజనం పెట్టి, ఏ ప్రశ్న అడిగినా నొచ్చుకోకుండా జవాబిస్తారు. ఎవరితో చెయ్యి కలపాలి, ఎవరితో కూడదు లాంటి సందేహాలు కూడా అక్కడ తీరుతాయి. ఈలోగా మగవాళ్లెవరైనా పలకరిస్తే చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచండి. మన నమస్కారం లాంటిదే.

ఇక ఎదురిల్లు. ఇంటికి వచ్చేసే ఆలోచన పక్కన పెట్టి, ఈ వారమే పులిహోర కలపండి. మంచి గిన్నెలో పెట్టుకుని, మధ్యాహ్నం కునుకు వేళ దాటాక వెళ్లి తలుపు తట్టండి. "మేం మాంసం ముట్టం, ఆరోజు ఆ మాట సరిగ్గా చెప్పడం రాక అలా చేశాను, మనసులో పెట్టుకోకండి" అనండి. మాట రాకపోతే ఫోన్‌లో అరబీలోకి మార్చి చూపించండి. లోపలికి రమ్మంటే చెప్పులు బయట విప్పండి. చిన్న కప్పులో గావా, అంటే అరబ్బు కాఫీ, పోస్తే కుడిచేత్తో అందుకోండి. కప్పు ఖాళీ అయితే మళ్లీ పోస్తూనే ఉంటారు. చాలనుకున్నప్పుడు కప్పుని అటూ ఇటూ కొంచెం ఊపండి, ఆవిడకి అర్థమవుతుంది.