అమ్మాయికి పాల లెక్క

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

ఉద్యోగం మానేసి, మన ఊళ్లోనే ఆవు పాలు, గేదె పాలు సేకరించి, వెన్న 4.5 శాతానికి సరిచేసిన స్టాండర్డైజ్డ్ పాల ప్యాకెట్లు అమ్మబోతున్నావని మీ నాన్న చెబితే పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. లైసెన్సు, బ్యాంకు అప్పు, యంత్రాల సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. నా బెంగంతా వెన్న శాతం లెక్క మీదనే.

నేను పాల కేంద్రం చూసుకునే రోజుల్లో చీటీలు రాసే కుర్రవాడొకడుండేవాడు. ఒకనాడు 7 శాతం వెన్న ఉన్న గేదె పాలు 40 కిలోలు, 4 శాతం ఉన్న ఆవు పాలు 120 కిలోలు వచ్చాయి. రెండూ కలిపించి, ఏడూ నాలుగూ పదకొండు, అందులో సగం అయిదున్నర అని చీటీ మీద వేసి పంపేశాడు. అవతల పరీక్షిస్తే 4.75 వచ్చింది. దారిలో నీళ్లు కలిపాడన్న అనుమానంతో బండి తోలిన మనిషిని పదిమందిలో నిలదీశారు. గేదె పాలలో వెన్న 2.8 కిలోలు, ఆవు పాలలో 4.8 కిలోలు, మొత్తం 7.6 కిలోలు, దాన్ని 160 కిలోల పాలకు పంచితే 4.75 శాతం తప్ప మరొకటి ఎలా వస్తుంది? ఆవు పాలు మూడింతలున్నాయి కనుక సగటు వాటి వైపే మొగ్గింది. లెక్క తేలాక అందరూ సర్దిచెప్పారు గాని, ఆ మనిషి మళ్లీ మా కేంద్రానికి బండి కట్టలేదు. ఆడపిల్లవు, కొత్తగా వ్యాపారంలో దిగుతున్నావు, అలాంటి మాట నీ మీద పడుతుందేమోనన్నదే నా భయం. అందుకే చెబుతున్నాను, శాతాలను నేరుగా కూడవద్దు. వెన్న కిలోలను కూడు.

నీకు కావలసింది 4.5 శాతం. ఆవు పాలు 100 కిలోలు, 3.5 శాతం ఉన్నాయనుకో. వాటిలో 7 శాతం గేదె పాలు ఎన్ని కిలోలు కలపాలో తెలియదు కనుక దాన్ని ఎక్స్ అందాం. వెన్న కిలోలను రెండు వైపులా వందతో హెచ్చించి రాస్తే 7ఎక్స్ + 350 = 4.5(100 + ఎక్స్). ఇందులో 2.5ఎక్స్ = 100, అంటే 40 కిలోలు. కుడివైపు ఆ ఎక్స్ మరచి వట్టి 450 అని రాశావో, జవాబు 14.3 కిలోలని వస్తుంది, కలిపిన పాలు 3.9 శాతం దగ్గరే ఆగిపోతాయి. ప్యాకెట్ మీద 4.5 అని అచ్చువేసి 3.9 అమ్మితే తనిఖీవాళ్లు నీ బీజగణితం చూసి జాలిపడరు. గేదె పాలు పోస్తే మొత్తం బరువూ పెరుగుతుందన్న సంగతి చిన్నప్పుడు కూడా నీకు తొందరలో తప్పిపోయేది, తల్లీ.

లీటర్లూ కిలోలూ కలగలపవద్దు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. క్యాన్ బాగా కలిపించాకే నమూనా తీయించు, లేకపోతే పైనున్న మీగడ వచ్చి శాతం ఎక్కువ చూపిస్తుంది, ఆ తప్పు అంకెతో సమీకరణం ఎంత చక్కగా సాధించినా దండగే. వెన్న శాతం తేల్చే గెర్బర్ పరీక్షలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసిన గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, గుడ్డ చుట్టి పట్టుకో, కళ్లద్దాలు పెట్టుకో.

6 శాతం ఫుల్‌క్రీమ్ పాలకు ఇదే 100 కిలోల ఆవు పాలలో ఎంత గేదె పాలు పోయాలో కట్టి నాకు పంపు. వెన్నతో ఆగిపోకు. ఆవు పాలలో ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న కాక మిగిలిన ఘనపదార్థం, 8.5 శాతం, గేదె పాలలో 9 శాతం అనుకుని దాని సగటు కూడా కట్టు. ఫుల్‌క్రీమ్‌కు నిబంధన ప్రకారం 9 ఉండాలి. అక్కడ నీకు కాస్త పాలపొడి అవసరం పడుతుంది, ఎంతన్నది నువ్వే తేల్చాలి.

మీ పెదనాన్న