రంగులు ఎక్కడ వేయించాలి?

ప్రశ్న: గుంటూరులో పసిపిల్లల నూలు దుస్తులు కుట్టే చిన్న యూనిట్ నడుపుతున్నాను. నిట్టింగ్ (బట్ట అల్లకం), డైయింగ్ (రంగు వేయడం) తమిళనాడులోని తిరుప్పూరులో జాబ్ వర్కుగా చేయించి, బట్టను లారీలో తెప్పించుకుంటాను. ఇటీవల జర్మనీ కొనుగోలుదారు ఒకరు బట్ట ఎక్కడ తయారైంది, రంగు ఎక్కడ వేశారు, ఆ నీళ్ళు ఎటు పోతాయి అంటూ పెద్ద ప్రశ్నావళి పంపారు. అంత దూరం నుంచి లారీలో తేవడమే కాలుష్యమనీ, మాకు 40 కిలోమీటర్లలో ఉన్న చిన్న డైయింగ్ యూనిట్‌కు పని ఇస్తే మేలనీ మా అబ్బాయి అంటున్నాడు. వాళ్ళ రేటు కూడా తక్కువే. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి ఉద్దేశం మంచిదే గానీ, లెక్క మాత్రం తప్పింది. టన్ను సరుకును ఒక కిలోమీటరు మోయడానికి లారీ సుమారు 100 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుందనుకుంటే, 900 కిలోమీటర్లు ప్రయాణించి మీ గుమ్మంలో దిగే కిలో బట్ట వాటాకు వచ్చేది 90 గ్రాములు. అదే కిలో బట్టకు వేడినీళ్ళలో రంగు పట్టించి, ఉతికి, ఆరబెట్టడానికి బాయిలర్‌లో కాల్చే ఇంధనం వల్ల వెలువడేది కిలోల లెక్కలో ఉంటుంది. దూరం తగ్గించి మీరు మిగిల్చుకునేది ఆ 90 గ్రాములలో ఒక భాగమే; ఆ యూనిట్ నీళ్ళను శుద్ధి చేయకుండా వదిలేస్తే పోగొట్టుకునేదాన్ని గ్రాములలో చెప్పలేము.

అది ఎంత పెద్ద నష్టమో తిరుప్పూరు గతమే చెబుతుంది. నూలు బట్టకు రంగు పట్టడానికి ఉప్పో, సోడియం సల్ఫేటో పెద్ద మోతాదులో కలుపుతారు. మామూలు శుద్ధిలో రంగు విరిగిపోవచ్చు గానీ కరిగిన ఉప్పు నీళ్ళలోనే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు నొయ్యల్ నదిలో కలిశాయి. సాగునీటి కోసం కట్టిన ఒరత్తుపాళయం జలాశయం రంగునీళ్ళ తొట్టిగా మారింది. దిగువన బావులు ఉప్పుబారాయి. చివరికి ఆయకట్టు రైతులు న్యాయస్థానానికి వెళ్ళగా, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి డైయింగ్ యూనిట్లన్నిటినీ మూసివేయాలని ఆదేశించింది. చుక్క కూడా బయటికి వదలకుండా నీళ్ళను ఆర్.ఓ. పద్ధతిలో వడగట్టి, మిగిలిన చిక్కటి ఉప్పునీటిని ఆవిరి చేసి, నీళ్ళనూ ఉప్పునూ తిరిగి వాడుకునే ఏర్పాటు చూపినవారికే ఆ తరువాత తలుపులు తెరుచుకున్నాయి. ఒకప్పుడు పరువు పోగొట్టుకున్న ఊరే ఇవాళ మీలాంటి చిన్న కొనుగోలుదారుకు ఉమ్మడి శుద్ధి కేంద్రం (చాలా యూనిట్లు కలిసి వాడుకునేది) అందుబాటులో ఉన్న ఊరైంది. ఒంటరిగా ఉన్న చిన్న యూనిట్ అంత ఖర్చు భరించడం కష్టం. రేటు తక్కువగా ఉండడానికి కారణం బహుశా అక్కడే దొరుకుతుంది.

అలాగని తిరుప్పూరు పేరు రాసినంత మాత్రాన ప్రశ్నావళి పూర్తయినట్లు కాదు. ఆవిరి చేయడానికి బోలెడు ఇంధనం కావాలి, కనుక బాయిలర్‌లో బొగ్గు వేస్తున్నారా, కట్టెలు వేస్తున్నారా అని అడగండి. తిరిగి వాడలేని మిశ్రమ ఉప్పు, బురద ఎక్కడికి పంపుతున్నారో, దానికి రసీదులు ఉన్నాయో లేదో చూడండి. యంత్రాలు పాత వించ్ రకమా, తక్కువ నీళ్ళతో నడిచే సాఫ్ట్ ఫ్లో రకమా అన్నదీ ముఖ్యమే. అన్నిటికన్నా ముందు, మీ బట్ట నిజంగా ఆ యూనిట్‌లోనే తయారవుతోందా, లేక రద్దీ రోజుల్లో మరొకరి చేతికి వెళుతోందా అన్నది తేల్చుకోండి. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సవార్‌లో దుస్తుల కర్మాగారాలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా కార్మికులు చనిపోయినప్పుడు, తమ లేబుళ్ళు ఆ భవనంలో కుట్టిస్తున్నారన్న సంగతే కొన్ని కంపెనీలకు తెలియదు. తమకు సరుకు ఇచ్చేవారి దగ్గర కార్మికుల హక్కులు, పర్యావరణం దెబ్బతినకుండా కంపెనీలు చూసుకోవాలనే సరఫరా గొలుసు చట్టం జర్మనీలో 2023 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. అది పెద్ద కంపెనీలకే నేరుగా వర్తించినా, వాళ్ళు అడిగే ప్రశ్నలు గొలుసు చివరన ఉన్న మీదాకా రావడం సహజం. కాబట్టి నూలు మిల్లు గురించి కూడా చెప్పవలసి రావచ్చు. పెళ్ళి ఖర్చులకు మొత్తం డబ్బు చివర్లో ఇస్తామని చెప్పి, అమ్మాయిలను ఏళ్ళపాటు హాస్టళ్ళలో ఉంచి పని చేయించుకున్న 'సుమంగళి' పథకాల మచ్చ తమిళనాడు స్పిన్నింగ్ మిల్లులకు ఉంది. వీలైతే ఒకసారి మీరే వెళ్ళి హాస్టలు చూసి రండి.

లారీ గురించి దిగులుపడే మీ అబ్బాయికి ఇంకో లెక్క అప్పగించండి. చెన్నై నుంచి ఓడలో జర్మనీ చేరే కిలో బట్ట వాటా సుమారు 200 గ్రాములైతే, విమానంలో అది నాలుగు కిలోలకు దగ్గరగా వెళుతుంది. ఆర్డరు ఆలస్యమై ఒక్కసారి విమానంలో పంపితే, లారీ దూరం తగ్గించి ఎన్నో ఏళ్ళపాటు పొదుపు చేసినదంతా అందులోనే కొట్టుకుపోతుంది. గడువులోపల ఇవ్వగల యూనిట్‌ను ఎంచుకోవడం కూడా పర్యావరణానికి సంబంధించిన నిర్ణయమే.

ప్రశ్న: కరీంనగర్ దగ్గర స్థలం కొని చిన్న డైయింగ్ యూనిట్ పెట్టాలనుకుంటున్నాం. బోరులో నీళ్ళు పుష్కలమని స్థలం అమ్మేవారు చెబుతున్నారు. అంతకుమించి ఏం చూడాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బోరు ఒక్కరోజు ఇచ్చే నీళ్ళను కాక మండలం స్థితిని చూడండి. భూగర్భ జల అంచనాల్లో ఏటా నిండేదానికన్నా ఎక్కువ తోడేస్తున్న ప్రాంతాన్ని మితిమీరి వాడిన కోవలో చేరుస్తారు. ఆ వివరాలు బహిరంగంగానే ఉంటాయి. డైయింగ్ పరిశ్రమ, కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో ఎక్కువ కాలుష్యం చేసేవాటిని ఉంచే రెడ్ కేటగిరీలోకి వస్తుంది గనుక, నిర్మాణానికీ నడపడానికీ వేరువేరుగా అనుమతులు తీసుకోవాలి. బయానా ఇచ్చేముందు మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళి ఆ సర్వే నంబరులో అలాంటి యూనిట్‌కు వీలుందో లేదో కనుక్కోండి. ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉన్న పారిశ్రామిక వాడలో ప్లాటు ఖరీదైనా, సొంతంగా శుద్ధి యంత్రాలు పెట్టి వాటిని నడిపే ఖర్చును కలిపి చూసిన తరువాతే ఏది చవకో తేల్చండి.