అరవై దాటాక సైకిలు

ప్రశ్న: నా వయసు 61. ఉద్యోగ విరమణ తరువాత మళ్లీ సైకిలు తొక్కాలని ఉంది, కానీ మోకాళ్లు అప్పుడప్పుడు నొప్పిపెడతాయి. గేర్ల సైకిలు కొనమంటారా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: తప్పకుండా మొదలుపెట్టండి, అయితే మోకాళ్లు, గుండె, రక్తపోటు విషయమై ముందుగా వైద్యుణ్ణి సంప్రదించండి. నెల్లూరు నుంచి మైపాడు సముద్రతీరం వైపు నేల దాదాపు చదునే కనుక 21 గేర్లు మీకు అనవసరం. కానీ సముద్రపు గాలి ఎదురైనప్పుడు, వంతెన ఎక్కేటప్పుడు మోకాళ్లపై భారం తగ్గడానికి ఆరేడు గేర్లు నిజంగా ఉపకరిస్తాయి. అడ్డకడ్డీ కిందికి వంగిన సైకిలునే ఎంచుకోండి. దానిని లేడీస్ సైకిలని కొందరంటారు గానీ, కాలు ఎత్తుగా లేపకుండా ఎక్కి దిగగలగడం ఈ వయసులో అన్నింటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

ఇక సీటు ఎత్తును చాలామంది పట్టించుకోరు. మడమను పెడల్‌పై ఉంచి పూర్తిగా కిందికి తొక్కినప్పుడు కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలిచిప్పపై ఒత్తిడి పెరుగుతుంది. దుకాణంలోనే దానిని సరిచేయించుకుని, వీధిలో ఒక చుట్టు తొక్కి చూసిన తరువాతే డబ్బు చెల్లించండి. వేసవిలో ఎండ ముదరకముందే ఇంటికి చేరండి.