23 బొంతలు, ఎవరి ఒడికి?

ప్రశ్న: అమ్మా, నమస్తే. రిటైరయ్యాక ముక్కల బొంతలు కుట్టడం నేర్చుకున్నాను. అన్నీ చిన్నవే, కుర్చీలో కూర్చున్నప్పుడు ఒళ్లో కప్పుకునేవి. ల్యాప్ క్విల్ట్ అంటారే, అవి. ఇంట్లో అందరికీ ఇచ్చేశాను. ఇంకా ఇస్తానంటే తప్పించుకు తిరుగుతున్నారు. బీరువాలో ఇప్పుడు 23 ఉన్నాయి. ఒక ఆసుపత్రికి ఫోన్ చేస్తే "మాకు అక్కర్లేదండీ" అని పెట్టేశారు. ఒక వృద్ధాశ్రమం వాళ్లు తెచ్చి ఇవ్వమన్నారు గానీ, వాటిని ఏం చేస్తారో చెప్పలేదు. వీటిని ఎక్కడ ఇవ్వాలి? ఇచ్చేముందు ఏం చూసుకోవాలి? వెనకాల నా పేరు కుట్టి ఇస్తే బాగుంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: రిటైరయ్యానన్నారు కాబట్టి అక్కా అనే పిలుస్తాను. బొంతలు కుట్టే వాళ్లందరికీ పట్టుకునే జబ్బే మీకూ పట్టుకుంది. చెయ్యి ఊరుకోదు, బీరువా నిండిపోతుంది, చుట్టాలు మొహం చాటేస్తారు. మా ఇంట్లోనూ ఇదే కథ.

ముందు నా పరువు తీసుకునే సంగతి ఒకటి చెప్తాను. మొదటిసారి నేను 9 బొంతలు మూటగట్టి ఒక వృద్ధాశ్రమానికి ఇచ్చి, ఫొటో దిగి, పొంగిపోతూ ఇంటికొచ్చాను. రెండు నెలల తర్వాత అటువైపు పనిబడి లోపలికి వెళ్తే, స్టోర్ రూములో నేను కట్టిన మూట నేను వేసిన ముడితోనే ఉంది. ఒక్కటి మాత్రం బయటికొచ్చింది. తలుపు దగ్గర కాళ్లు తుడుచుకోవడానికి పరిచారు. కోపంతో ఊగిపోతుంటే, అక్కడి ఆయా నెమ్మదిగా చెప్పింది. "దాన్ని ఒక్కసారి ఉతికామమ్మా. ఎరుపు దిగి పక్కనున్న తెల్ల దుప్పట్లన్నీ గులాబీ రంగుకొచ్చాయి. మిగతావి విప్పాలంటే భయమేసింది." ఆ ఎర్రగుడ్డ నేను తడిపి చూడకుండానే కుట్టేశాను. ఇక ఎవరి మీద అరవను?

కాబట్టి ఆ ఆసుపత్రి వాళ్లు అక్కర్లేదన్నారని నొచ్చుకోకండి. వాళ్ల ఇబ్బంది వాళ్లది. ఆసుపత్రి బట్టలు వేడినీళ్లలో ఉతికితే కనీసం 71 డిగ్రీల సెల్సియస్ వేడిలో 25 నిమిషాలు ఉంచాలని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మార్గదర్శకాల్లో ఉంది. మీ చేతికుట్టు బొంతను ఆ నీళ్లలో ఒకసారి ఊహించుకోండి. ఒకరు కప్పుకున్నది ఇంకొకరికి ఇవ్వాలంటే అలా ఉడికించాలి, లేదంటే బ్లీచ్ లాంటి మందులేసి ఉతకాలి. అదే బొంతను ఒక మనిషికి సొంతంగా ఇచ్చేస్తే ఈ గొడవే లేదు. వాళ్లే ఇంటికి తీసుకెళ్తారు, వాళ్లే ఉతుక్కుంటారు. 23 బొంతలు పట్టే చోటు కోసం మీరు వెతుకుతున్నారు గానీ, వెతకాల్సింది 23 మంది మనుషుల కోసం. ఏ సంస్థ అయినా వాళ్ల దగ్గరికి దారి చూపిస్తే చాలు.

ఆ మనుషులు ఎక్కడుంటారంటే, గంటలకొద్దీ కూర్చోక తప్పని చోట.

నన్నడిగితే మొదటి పేరు డయాలసిస్ సెంటర్. మా మేనత్తకి తోడుగా ఏడాదిపాటు వెళ్లాను కాబట్టి ఇది కళ్లారా చూసి చెప్తున్న మాట. మామూలుగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు. అంతసేపూ ఒంట్లో రక్తం ట్యూబుల్లోంచి మెషీన్‌లోకి వెళ్లి, శుభ్రపడి, మళ్లీ ఒంట్లోకి వస్తుంటుంది. అలా బయట తిరిగేటప్పుడు కొంత వేడి పోతుంది. దానికి తోడు కిడ్నీ జబ్బున్న వాళ్లలో చాలామందికి రక్తం తక్కువ. అందుకే బయట ఎండ మండిపోతున్నా లోపల వాళ్లకి వణుకే. అత్తకి ఎడమచేతికి సూదులుండేవి, ఆ చెయ్యి కదపకూడదు. ఏం కప్పుకున్నా కుడిచేత్తోనే సర్దుకోవాలి. ఇంట్లోంచి పెద్ద దుప్పటి తీసుకెళ్తే సగం కింద పడేది, లాక్కోలేక ప్రతిసారీ సిస్టర్‌ని పిలిచేది. పిలవడం మొహమాటమై కొన్నాళ్లు చలికి అలాగే ఓర్చుకుంది కూడా. ఒడి బొంత కుట్టిచ్చాక, ఒక అంచు తొడ కింద దోపుకుని రెండో అంచు కుడిచేత్తో పొట్ట మీదికి లాక్కునేది. ఆ పైన నాలుగు గంటలూ దాని ఊసే ఉండేది కాదు.

ఇందులో ఇంకో లాభం ఉంది. సూదులున్న చెయ్యి ఎప్పుడూ నర్సుకి కనబడుతూ ఉండాలి. సూది జారితే రక్తం ధారగా పోతుంది, పైన ఏదైనా కప్పి ఉంటే ఆ సంగతి ఎవరికీ తెలియదు. మెడదాకా కప్పుకునే దుప్పటితో ఆ ప్రమాదం ఉంది. ఒళ్లో ఆగిపోయే బొంతతో లేదు. అక్కడ ఇచ్చేటప్పుడు "చేతి మీద కప్పుకోకండి" అని నోటితో చెప్పండి, చీటీ మీద కూడా రాయండి.

రెండోది కీమోథెరపీ ఎక్కించే డే కేర్. అక్కడా గంటల తరబడి కుర్చీయే. కాకపోతే ఇక్కడ వాసనతో జాగ్రత్త. కీమో నడుస్తున్నవాళ్లలో చాలామందికి సెంటు, ఊదుబత్తి, పెర్ఫ్యూమ్ సబ్బు ఏది తగిలినా కడుపులో తిప్పేస్తుంది. ఇంట్లో సిగరెట్ కాల్చేవాళ్లున్నా, పిల్లి ఆ గుడ్డల మీదే పడుకుంటున్నా దాచకుండా చెప్పెయ్యండి, వాళ్లు వద్దంటే ఒప్పుకోండి. అక్కా, మీ బీరువాలో కలరా ఉండలు వేశారేమో కూడా చూసుకోండి. ఆ వాసన ఒక ఉతుకుకి వదలదు.

మూడోది చక్రాల కుర్చీలో ఉండేవాళ్లు. ఇక్కడ కొలతే ముఖ్యం. ఒడి బొంత అంటే మామూలుగా 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు కుడతాం. చక్రాల కుర్చీకి ఆ పొడవు ఎక్కువవుతుంది. కొస జారి ముందు చక్రంలో చుట్టుకుంటే కుర్చీ టక్కున ఆగి, మనిషి ముందుకి తూలతారు. ఇంట్లో ఎవర్నైనా కుర్చీలో కూర్చోబెట్టి, పొట్ట దగ్గర్నుంచి మోకాళ్ల మీదుగా పిక్కల దాకా టేపు పెట్టి చూడండి. నేలకి జానెడు పైనే ఆగాలి. వెడల్పు కూడా పక్క చక్రాల మీదికి వేలాడనంతే. మూలలు గుండ్రంగా తిప్పండి. కుచ్చులు, ముడులు, వేలాడే తాళ్లు ఏవీ వద్దు. అడుగున శాటిన్ లాంటి నున్నటి గుడ్డ వేస్తే పది నిమిషాల్లో పాదాల మీదికి జారిపోతుంది. ఫ్లానెల్ గానీ, ముతక నూలు గుడ్డ గానీ అయితే ఒళ్లో నిలుస్తుంది. మీ 23లో పొడవైనవి డయాలసిస్‌కి, పొట్టివి చక్రాల కుర్చీలకి వేరు చేసుకోండి.

ఇవి కాక వృద్ధాశ్రమాలు, చివరి రోజుల సంరక్షణ కేంద్రాలు, ఇళ్లకి వెళ్లి మంచంపట్టిన వాళ్లని చూసుకునే నర్సులు, ఫిజియోథెరపీ సెంటర్లు ఉండనే ఉన్నాయి. ఇళ్లకి వెళ్లే నర్సులని చాలామంది మరిచిపోతారు గానీ, ఎవరి మోకాళ్లు చలికి పట్టేస్తున్నాయో వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

పసిపిల్లల వార్డుకి మాత్రం తొందరపడి ఇవ్వకండి. ఏడాదిలోపు పిల్లలు నిద్రపోయే చోట వదులుగా ఉండే దుప్పట్లు, బొంతలు పెట్టొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఎప్పట్నుంచో చెబుతోంది. ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది.

బొంతలు తీసుకోవడానికే పెట్టిన సంస్థలూ ఉన్నాయి. అమెరికాలో 1995లో మొదలైన ప్రాజెక్ట్ లైనస్ కష్టంలో ఉన్న పిల్లలకి చేతితో చేసిన దుప్పట్లు ఇస్తుంది. 2003లో మొదలైన క్విల్ట్స్ ఆఫ్ వేలర్ సైనికుల కోసం. కానీ రెండోదానికి బొంత కనీసం 55 × 65 అంగుళాలు ఉండాలి, కాబట్టి మీ ఒడి బొంతలు అక్కడ చెల్లవు. చక్కగా కుట్టి, పోస్టు ఖర్చు పెట్టుకుని పంపాక కొలత చాలదని తిరిగొస్తే ఆ ఉసూరు మామూలుగా ఉండదు. ఏ సంస్థకైనా పంపేముందు దాని నియమాలు చదవండి. మీరు ఆల్రెడీ కుట్టేశారు కాబట్టి, మీ కొలతకి సరిపడే చోటునే ఎంచుకోవాలి.

ఇక ఫోన్ సంగతి. రిసెప్షన్‌కి చేస్తే "అక్కర్లేదు" అనేస్తారు, అది వాళ్ల చేతిలో ఉన్న విషయం కాదు కాబట్టి. హెడ్ నర్సుని గానీ సోషల్ వర్కర్‌ని గానీ ఇమ్మనండి. డ్యూటీ మారే వేళ చెయ్యకండి. "నా దగ్గర 23 బొంతలున్నాయి" అని మొదలుపెడితే ఎదుటివాళ్లకి టెన్షన్ వస్తుంది. వాళ్ల కళ్ల ముందు గుట్ట కనబడుతుంది. ఇలా అడిగి చూడండి: "సిస్టర్, కూర్చుని ట్రీట్‌మెంట్ తీసుకునేవాళ్ల కోసం ఒళ్లో కప్పుకునే చిన్న బొంతలు కుట్టాను. కొత్తవి, ఉతికినవి. వాళ్లు ఇంటికే తీసుకెళ్లొచ్చు. ఒకటి తెచ్చి చూపించనా?" ఒక్కటే తీసుకెళ్లండి. అది చేత్తో పట్టుకుని చూశాక ఎన్ని కావాలో వాళ్లే చెప్తారు. నాకు ఒకచోట "ఆరు చాలు" అన్నారు. సరిగ్గా ఆరే ఇచ్చాను. మూడు నెలలకి వాళ్లే ఫోన్ చేశారు.

తెచ్చి ఇవ్వమన్న ఆ వృద్ధాశ్రమాన్ని ఒకే మాట అడగండి: ఉతికేది ఎవరు, ఎలా? జవాబు తడుముకుంటే రెండిచ్చి నెల తర్వాత వెళ్లి చూడండి.

ఇచ్చేముందు ప్రతి బొంతనీ మెషీన్‌లో ఒకసారి ఉతకండి. ఊడిపోయే కుట్లేవో మీ ఇంట్లోనే ఊడిపోవాలి. ఎరుపు, నీలం, నలుపు ముక్కలున్నచోట తడి తెల్లగుడ్డ పెట్టి గట్టిగా రుద్దండి. రంగు అంటితే దాన్ని మీ దగ్గరే ఉంచేసుకోండి. లోపల నూలు దూది పరిచి ఉంటే మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం ముడుచుకుంటుంది, కంగారు పడకండి.

పేరు గురించి అడిగారు. రెండో ప్రపంచయుద్ధంలో కెనడా ఆడవాళ్లు కుట్టిన బొంతలు రెడ్‌క్రాస్ ద్వారా బ్రిటన్ చేరి, బాంబుల్లో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లకి అందాయి. చాలావాటి మూలన చిన్న గుడ్డపట్టీ ఉండేది, కెనడా రెడ్‌క్రాస్ కానుక అని. కుట్టినవాళ్ల పేర్లు దాదాపు ఎక్కడా లేవు. నా అభిప్రాయం అడిగితే మీ పేరు వెయ్యండి, ఇంటిపేరు, ఫోన్ నంబరు వద్దు. దాని కింద ఉతికే పద్ధతి ఒక్క లైను రాయండి. ఆయా వెతుక్కునేది ఆ లైనే. "త్వరగా కోలుకోండి" అని మాత్రం రాయకండి. చివరి రోజుల్లో ఉన్న మనిషి ఒళ్లోకి వెళ్లొచ్చు ఆ బొంత.

ప్రశ్న: కొత్త దూది పొర కొనకుండా లోపల పాత దుప్పటి పెట్టి కుట్టి దానం ఇవ్వొచ్చా?
– మరో పాఠకురాలు

జవాబు: ఇవ్వొచ్చమ్మా, అది పల్చటి నూలు దుప్పటి అయితే. ఉన్ని దుప్పటి అయితే వేడినీళ్లు తగలగానే అట్టకట్టుకుపోతుంది. బరువు కూడా చూడాలి. కుట్టాక మీ మోకాళ్ల మీద వేసుకుని గంటసేపు టీవీ ముందు కూర్చోండి. మీకే తీసి పక్కన పెట్టాలనిపిస్తే ఎనభయ్యేళ్ల మోకాళ్లు ఏమంటాయి? ఆసుపత్రులకి కుట్టేటప్పుడు మాత్రం లోపలా బయటా కొత్త గుడ్డే వాడండి, చాలాచోట్ల పాతది తీసుకోరు.

ఇద్దరికీ కలిపి ఒక మాట, గుండుసూదుల గురించి. మూడు పొరలూ కలిపి ఎన్ని గుచ్చారో కాగితం మీద రాసుకుని, తీశాక లెక్కపెట్టండి. నాకు ఒకసారి 40కి 39 వచ్చాయి. ఆ బొంత కోసం అవతల మనిషి ఎదురుచూస్తున్నారు, అయినా ఇల్లు దాటనివ్వలేదు. రెండు రోజులు వెతికాను. చివరికి ఫ్రిజ్ తలుపుకి అంటించే అయస్కాంతం ఒకటి తీసి బొంతంతా తడిమితే, అంచు పట్టీ మడతలో టిక్ అని అతుక్కుంది.