రాని ల్యాప్‌టాప్‌కు ఇప్పుడే అప్పా?

ప్రశ్న: పలాసలో పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తాను. నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీయే కావడంతో ఎడిటింగ్ మధ్యలో ఆగిపోతోంది. రాబోయే మోడల్‌లో ర్యామ్ పెంచుతారని, పోర్టులూ ఎక్కువ ఇస్తారని అంటున్నారు. ధర 1.9 లక్షలు ఉండవచ్చట. ఉన్న 70 వేల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి, మిగతా 1.2 లక్షలు ఒక యాప్‌లో 24 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుందామనుకుంటున్నాను. ఇప్పుడే తీసుకుంటే ఫీజు తగ్గిస్తారట. ముహూర్తాలున్న నెలల్లో 60 వేలు వస్తాయి, లేని నెలల్లో 8 వేలే. ఇంటి ఖర్చు, స్టూడియో అద్దె కలిపి నెలకు 27 వేలు.

జవాబు: వద్దు. ముందు ఆ యాప్‌ను ఫోనులోంచి తీసేయండి, తర్వాత మిగతాది చదవండి.

‘పనిముట్టు కోసమే కదా’ అంటూ అప్పు చేసేవారి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అందుకే మీకు ఇక్కడ జవాబిస్తున్నాను. పనిముట్టు కోసం అప్పు చేయడం తప్పు కాదు. ఇంట్లో ఉన్న ఆఖరి 70 వేలూ ఊడ్చేసి, ఇంకా దుకాణానికే రాని వస్తువు కోసం 24 శాతానికి అప్పు చేయడం తప్పు. ఫీజు తగ్గింపు మీ మేలు కోసం ఇచ్చేది కాదు. మీరు ఆలోచించుకునే సమయాన్ని లాగేసుకోవడానికి ఇచ్చేది.

లెక్క చూడండి. వాయిదా నెలకు సుమారు 6,344 రూపాయలు. రెండేళ్లలో వడ్డీ ఒక్కటే 32 వేల పైమాట. ఆషాఢంలోనో మూఢంలోనో 8 వేలు వచ్చిన నెలలో వాయిదా పోగా చేతిలో మిగిలేది 1,656. ఇంటికి కావలసింది 27 వేలు. ఆ నెల మరో యాప్ తెరుస్తారు. అలా తెరిచినవారిని నేను చూశాను.

మీకు కావలసింది అత్యవసర నిధి. నెలకు 27 వేల చొప్పున ఆరు నెలలకు 1.62 లక్షలు. మీ దగ్గర అందులో సగం కూడా లేదు. పలాసలో ఉన్నవారికి తుపాను గురించి నేను చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మీ దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. తోట పోయిన ఇంట్లో పెళ్లి వాయిదా పడుతుంది, లేదా ఆల్బం లేకుండా జరిగిపోతుంది. అంటే మీ రాబడి మీ చేతిలోనే కాదు, మీ ఊరి తోటల చేతిలో కూడా ఉంది. ఆ 70 వేలు ముట్టుకోకండి. ముహూర్తాలున్న ప్రతి నెలా 60 వేలు రాగానే అందులో 15 వేలు విడిగా మరో ఖాతాలో వేయండి. అలాంటి ఏడు నెలల్లో లోటు పూడుతుంది.

ఇక ల్యాప్‌టాప్. రాబోయే మోడల్ గురించి చెప్పుకునే మాటలు నమ్మి డబ్బు ప్రణాళిక వేయకూడదు. ఆపిల్ 2016లో మ్యాక్‌బుక్ ప్రోలో టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ పోర్టు, మెమరీ కార్డు స్లాట్ తీసేస్తే, అవి తిరిగి వచ్చింది 2021 అక్టోబరులో. ‘వచ్చే మోడల్‌లో ఇస్తారు’ అనుకుని ఆగినవారు అయిదేళ్లు ఆగారు. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో కనీస ర్యామ్ 8 నుంచి 16 జీబీకి పెరిగింది 2024 అక్టోబరులోనే. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్‌లో వాడే మెమరీ చిప్‌ల ధరలు పెరిగాయి. కాబట్టి మీరు విన్న 1.9 లక్షల ధర మీద కూడా ఆశ పెట్టుకోకండి.

ఈలోగా పని ఆగకూడదు. మీ ల్యాప్‌టాప్ వెనక మూత విప్పించి ర్యామ్ స్లాట్ ఉందేమో చూపించండి. ఉంటే 16 జీబీకి పెంచుకోవచ్చు. పలుచని మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, దానికి ఏమీ చేయలేం. అప్పుడు వీడియోకు తక్కువ నాణ్యత గల ప్రాక్సీ ఫైళ్లు తయారు చేసుకుని వాటి మీద ఎడిట్ చేయండి, చివర్లో అసలు ఫైళ్లతో పూర్తి చేయండి. పోర్టులు చాలకపోతే కార్డు రీడర్ ఉన్న యూఎస్‌బీ హబ్ చాలు. దాని కోసం 1.9 లక్షలు పోయనక్కరలేదు.

కొత్తది కొనక తప్పని రోజు వస్తే, బ్యాంకు బంగారు రుణం ఆ యాప్ కంటే నయం. కుటుంబానికి ఆరోగ్య బీమా లేకపోతే వెంటనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

1.62 లక్షలు నిండిన నెలలో నాకు మళ్లీ రాయండి. అప్పటికి ఆ మోడల్ దుకాణంలో ఉంటే, దాని ర్యామ్, పోర్టులు, ధర ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.