టెక్ సందేహాలు: ఉగ్గు చేసే మెషీన్‌కి పాప పుట్టినరోజుతో ఏం పని?

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక తల్లి రాశారు. "పాపకి వచ్చే వారం ఆరు నెలలు నిండుతాయి. అన్నప్రాసన అయ్యాక నేను మళ్లీ ఆఫీసుకి వెళ్లాలి. ఆవిరి మీద ఉడికించి అదే గిన్నెలో మెత్తగా చేసిపెట్టే బేబీ ఫుడ్ మేకర్ ఒకటి 7,900 రూపాయలకు ఉంది, ఫోన్ నుంచి కూడా ఆన్ చేయొచ్చట. మా అవ్వ వద్దంటోంది, మీరేమంటారు?"

ఇదే ప్రశ్న కొద్దిపాటి తేడాలతో చాలామంది పంపుతున్నారు కాబట్టి అందరికీ కలిపి చెబుతున్నా. వద్దు. అవ్వ మాటే వినండి.

ఆ మెషీన్‌లో ఉండేది నీళ్లు కాచే చిన్న హీటర్, ఒక బ్లేడు. ఇడ్లీ పాత్ర, మిక్సీ ఉన్న ఇంట్లో ఆ రెండు పనులూ ఎప్పటినుంచో జరుగుతున్నాయి. పైగా బిడ్డకి మెత్తటి గుజ్జు పెట్టేది ఎన్నాళ్లు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరు నెలలకి మొదలుపెడితే, ఎనిమిదో నెలకల్లా చాలామంది పిల్లలు చేత్తో పట్టుకుని తినే ముక్కలు తినగలరు, ఏడాదికి ఇంట్లో అందరూ తినేదే తింటారు. అంటే మెషీన్‌కి నిజంగా పని ఉండేది రెండు మూడు నెలలు. కొన్నాం కదా అని అంతకుమించి గుజ్జే పెడుతూ పోతే బిడ్డకి నమలడం అలవాటయ్యేది ఆలస్యమవుతుంది.

ఒక ఇబ్బంది మాత్రం నిజమే, దాన్ని కొట్టిపారేయను. మొదట్లో బిడ్డ తినేది రెండు మూడు చెంచాలు, అంత కొంచెం మిక్సీలో వేస్తే బ్లేడుకి అందదు, అంతా జార్ గోడలకి అంటుకుంటుంది. దానికి పప్పుగుత్తి ఉంది. బాగా ఉడికిన పప్పన్నం, గుమ్మడి, క్యారెట్ పప్పుగుత్తితో ఎనిపి స్టీలు జల్లెడలో వేసి చెంచాతో అదిమితే సరిపోతుంది. ఆలుగడ్డకైతే ఇదే మేలు, ఎందుకంటే వేగంగా తిరిగే బ్లేడు కింద దాని పిండిపదార్థం బయటికొచ్చి జిగురులా సాగుతుంది, పిల్లలు ఉమ్మేస్తారు. మిక్సీనే కావాలంటే బిడ్డ కోసం చిన్న జార్ ఒకటి విడిగా కొనండి, కారప్పొడి పట్టిన చట్నీ జార్ ఎంత కడిగినా ఆ ఘాటు రబ్బరులో ఉండిపోతుంది.

రాగుల సంగతికొస్తే, సంగటి తిని పెరిగిన జిల్లా మనది, వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, మన పిల్లలకి తొలి తిండిలో రాగిజావ ఎలాగూ ఉంటుంది. రాగుల్ని నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తారు కదా, ఆ మొలకలో పుట్టే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది. అందుకే మొలక రాగిపిండి కాస్త ఎక్కువ వేసినా జావ గడ్డకట్టకుండా పల్చగా జారుతుంది, చిన్న కడుపులో ఎక్కువ బలం పడుతుంది. పొయ్యి మీద కలుపుతూ కాచాల్సిన ఈ జావని ఆవిరి మెషీన్ చేయలేదు. క్యారెట్ ముక్కలు, ఆపిల్ ముక్కలు ఉడికించే ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన వస్తువది.

టైమర్ అనే సదుపాయం మీద నాకు ఇంకా కోపం. రాత్రి కూరగాయ ముక్కలు వేసి పడుకుంటే పొద్దున్నే ఉడికి ఉంటాయని అమ్ముతున్నారు. మన ఎండాకాలం రాత్రుల్లో, 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయని తెలిసి కూడా, తరిగిన ముక్కల్ని ఎనిమిది గంటలు మూతపెట్టి ఉంచమని ఏ ఇంజినీరు చెప్పాడో! వండినదాన్ని గంటల తరబడి గోరువెచ్చగా ఉంచే బటన్‌దీ అదే తప్పు. ఇక బోరు నీళ్లు పోసేవాళ్లకి హీటర్ పళ్లెం మీద తెల్లటి పొర కడుతుంది, అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లతో వదిలించకపోతే ఆవిరి తగ్గిపోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, నాకు అసలు టెన్షన్ ఆ యాప్ గురించి. ఇలాంటి యాప్ తెరవగానే బిడ్డ పేరు, పుట్టిన తేదీ, బరువు, ఫోటో, మీ ఫోన్ నంబరు, లొకేషన్ అడుగుతుంది. "నెలకి తగ్గ వంటలు చూపిస్తాం" అంటారు. దానికి ఎన్నో నెల అన్నది చాలు కదా! మెషీన్ మూడు నెలల్లో అటకెక్కుతుంది, ఆ వివరాలు మాత్రం ఎవరిదో సర్వర్‌లో ఏళ్ల తరబడి ఉంటాయి. అవి బయటికి పొక్కితే ఏమవుతుందో చూడండి. మనలో ఎంతమంది ఫోన్ లాక్‌కి, యూపీఐ పిన్‌కి బిడ్డ పుట్టిన తేదీ పెట్టుకోలేదు? బస్టాండ్ రద్దీలో ఫోన్ పోతే, ఆ తేదీ తెలిసినవాడికి లాక్, పిన్ రెండూ చేతికిచ్చినట్టే. ఇంకో దారి ఫోన్ కాల్. బిడ్డ పేరు, నెల సరిగ్గా చెప్పి "పథకం డబ్బు వచ్చింది, ఈ లింకు నొక్కండి" అంటే బాలింత నమ్మకుండా ఎలా ఉంటుంది? తన బిడ్డ పేరు తెలిసినవాడు మోసగాడని ఎవరూ అనుకోరు. అలా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ తిరిగి రావడం కష్టం.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది, పిల్లల్ని గురిపెట్టి ప్రకటనలు వేయకూడదంటుంది. మంచిదే. కానీ చదవకుండా "అంగీకరిస్తున్నాను" నొక్కితే ఆ అనుమతి ఇచ్చింది మనమే.

ఇప్పటికే కొన్నవాళ్లు యాప్ లేకుండా బటన్‌తోనే వాడండి. యాప్ తప్పదంటే పేరు బదులు ముద్దుపేరు, పుట్టిన తేదీ బదులు ఆ నెల ఒకటో తేదీ ఇవ్వండి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (మీ ఫోన్లు వాడే వైఫైతో కలవని విడి వైఫై) పెట్టి దాన్నే ఈ మెషీన్‌కి, బేబీ కెమెరాకి ఇవ్వండి. లొకేషన్ అడిగితే కాదనండి. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ జత చేయడానికి "దగ్గరలోని పరికరాలు" అన్న అనుమతి వేరే ఉంది, లొకేషన్ కావాల్సిందేనంటే ఆ యాప్ చేసినవాళ్లు పని సరిగ్గా చేయలేదన్నమాట. బేబీ కెమెరా పెట్టెలోంచి తీయగానే పాస్‌వర్డ్ మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) లక్షల కెమెరాల్ని, రౌటర్లని పట్టుకున్నది కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్ మార్చనందువల్లే.

అసలు నీళ్లు మరిగించే వస్తువుకి ఇంటర్నెట్ ఎందుకు? ఫ్యాన్‌కి యాప్, గీజర్‌కి యాప్, తూకం మెషీన్‌కి యాప్. ప్రతిదానికీ ఒక అకౌంటు, ఒక ఓటీపీ. కంపెనీ రెండేళ్లకి అప్‌డేట్లు ఆపేస్తే బాగా పనిచేసే వస్తువు కూడా ఇంట్లో భద్రత లేని తలుపులా మిగులుతుంది. అప్‌డేట్ ఎన్నేళ్లు ఇస్తారో పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాయాలని నేను అడుగుతూనే ఉంటాను.

ఎవరికైనా పనికొస్తుందా అంటే, కవలలు పుట్టి, తోడెవరూ లేక, మిక్సీ కూడా లేని పరాయి దేశంలో ఉన్న అమ్మాయికి కొనిపెట్టండి, వైఫై లేని రకం. మిగతావాళ్లకి ఇంకేదైనా కావాలనిపిస్తే స్టీలు కాడ ఉన్న హ్యాండ్ బ్లెండర్ కొనుక్కోండి. బిడ్డ పెద్దదయ్యాక పప్పుకి, మజ్జిగకి పనికొస్తుంది.

చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి ఇంకొకరు, తమ మెషీన్‌ని మరదలికి ఇవ్వొచ్చా అని అడిగారు. ఇవ్వండి. ఇచ్చే ముందు యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి అకౌంట్ డిలీట్ చేయండి, యాప్ తీసేసినంత మాత్రాన అకౌంట్ పోదు. తర్వాత మెషీన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, లేదంటే మీ వైఫై పాస్‌వర్డ్ అందులోనే ఉండిపోతుంది. బ్లేడు కింద ఉండే రబ్బరు రింగుని ఊడదీసి చూడండి, నల్లమచ్చలుంటే కొత్తది వేయించి ఇవ్వండి.