శరణార్థి కుటుంబాల పిల్లలతో నాటక వర్క్‌షాప్ పెట్టాలంటే ఎన్‌జీవోతో ఎలా మాట్లాడుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీది హైదరాబాద్‌లో ఒక చిన్న నాటక బృందం, బాలాపూర్ వైపు ఉంటున్న రోహింగ్యా (మయన్మార్ నుంచి వచ్చిన ముస్లిం శరణార్థులు) పిల్లలకు వర్క్‌షాప్ పెట్టి చివర్లో వాళ్లతో ఒక ప్రదర్శన ఇప్పించాలని ఉంది, అక్కడ పనిచేసే సంస్థను ఎలా కలవాలి, వాళ్లు మిమ్మల్ని నమ్ముతారా అని. నేను బొమ్మలాట, మాస్కుల తయారీ నేర్పుతాను. ఒక సహాయ సంస్థతో కలిసి ఆ వైపు బస్తీల్లో కొంతకాలం పనిచేశాను కాబట్టి చెప్తున్నా.

ముందు ఆ ప్రదర్శన సంగతి పక్కన పెట్టండి. సంస్థ ఆఫీసుకు స్క్రిప్టు, పోస్టరు పట్టుకుని వెళ్లొద్దు. ఆ బస్తీ చూసే ఫీల్డ్ వర్కర్‌తో కూర్చుని, వారంలో మీకు ఏ పూట వీలవుతుంది, మేం ఏం చేస్తే మీ పని తేలికవుతుంది అని అడగండి. ఆస్పత్రికి తోడు వెళ్లడం, బడిలో చేర్పించడం, యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ) కార్డు కాగితాలు, అద్దె గొడవలు, ఇవన్నీ చాలా చోట్ల ఒక్క మనిషే చూస్తుంటారు. మన దగ్గరికి ఇరవై మంది పిల్లలు వచ్చి కూర్చున్నారంటే ఆ ఫీల్డ్ వర్కర్ ఇల్లిల్లూ తిరిగి తల్లులను ఒప్పించిందని అర్థం. మనం బడ్జెట్‌లో రంగులు, అట్టలు, ఆటో, టిఫిన్ అన్నీ రాస్తాం, ఆమె సమయం మాత్రం రాయం. నేనైతే అది మొదటి లైన్‌లో రాయమంటాను. నేను చూసిన భాగస్వామ్యాల్లో సగం నడవకపోవడానికి కారణం ఇదే, కళ బాగాలేక కాదు.

డబ్బు గురించి ఇంకో సంగతి. చాలా సంస్థలకు విదేశీ నిధులు ఉంటాయి, అందులోంచి మాకు కొంత ఇస్తారేమో అని కళాకారులు ఆశ పెట్టుకుంటారు. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టాన్ని సవరించాక ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధులను ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు, పైగా ఆఫీసు ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. కాబట్టి మీ ఖర్చు మీరే స్థానికంగా సమకూర్చుకుని వెళ్తే మాటలు తేలిగ్గా సాగుతాయి. హైదరాబాద్‌లో కోవా చాలా ఏళ్లు ఈ కుటుంబాలతో పనిచేసిన సంస్థ, ఆరా తీయడం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

ఫోటోల విషయంలో మాత్రం నేను చాలా గట్టిగా ఉంటాను. 1951 నాటి ఐక్యరాజ్య సమితి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు, శరణార్థుల కోసం విడిగా చట్టం కూడా లేదు. చేతిలో యూఎన్ కార్డు ఉన్నా వాళ్లను అక్రమంగా వచ్చినవాళ్లుగానే చూసే పరిస్థితి ఉంది. అలాంటప్పుడు పిల్ల ముఖం, వెనకాల గల్లీ కనిపించే ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే దాని ఫలితం ఆ కుటుంబం మోయాలి, మనం కాదు. తల్లి సంతకం పెట్టింది కదా అనకండి, సాయం చేసే సంస్థ మనిషి పక్కన నిలబడి అడిగితే ఆమె కాదనగలదా? చేతులు, మాస్కులు, బొమ్మలు తీసుకోండి, చాలు. ఫోటోలు కావాలని పట్టుబట్టే దాత ఉంటే ఆ దాతను వదులుకోండి. నేను అలా వదులుకున్నాను, వర్క్‌షాప్ చిన్నదైంది గానీ ఆగలేదు.

ఇక అసలు పని. మీరు ఎలా వచ్చారు, అక్కడ ఏం జరిగింది అని పిల్లలను అడగొద్దు. 2012లో మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో జరిగిన హింస తర్వాత వచ్చినవాళ్లున్నారు, 2017 తర్వాత వచ్చినవాళ్లున్నారు, ఇక్కడే పుట్టి హైదరాబాదీ హిందీ మాట్లాడుతూ సర్కారు బడికి పోతున్న పిల్లలూ ఉన్నారు. వాళ్ల బాధను మన నాటకానికి ముడిసరుకు చేయడం నాకు అస్సలు నచ్చదు. మేం చేర్యాల మాస్కులు చేయించాం. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి ముద్ద చేసి కొబ్బరి చిప్ప మీద ముఖం తీర్చడం అందరికీ నచ్చింది, ఎవరి గతమూ ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు. ఒక అబ్బాయి తన బడి టీచర్ ముఖం చేశాడు, ఇంకో పాప మేకను చేసింది, పక్కనున్న పిల్లలంతా ఆ మేక కావాలని గొడవ. కొన్ని వారాలు గడిచాక ఒకరిద్దరు వాళ్లంతట వాళ్లే ఊరి సంగతులు చెప్పారు. విన్నాం, రాసుకోలేదు.

పెద్దవాళ్లను మర్చిపోవద్దు. ఆ కుటుంబాల్లో పాడేవాళ్లు ఉంటారు, తరానాలు అనే వాళ్ల పాటలు ఉంటాయి, కుట్టుపని చేసే ఆడవాళ్లు ఉంటారు. వాళ్లను చూసేవాళ్లుగా కూర్చోబెట్టకుండా నేర్పేవాళ్లుగా పిలవండి, మీ కళాకారుడికి ఎంత ఇస్తారో అంతే ఇవ్వండి. చాలామందికి ఆధార్ ఉండదు, దాంతో బ్యాంకు ఖాతా కూడా ఉండదు, కాబట్టి చెల్లింపు ఎలా అన్నది సంస్థ అకౌంటెంట్‌తో ముందే తేల్చుకోండి. ఆడపిల్లలు పాడటం, ఆడటం అన్ని ఇళ్లలో ఒప్పుకోరు, ఆ మాట పెద్దలతో ఫీల్డ్ వర్కర్ ద్వారానే మాట్లాడాలి. మీ బృందంలో ఆడవాళ్లు లేకపోతే ముందు ఆ ఏర్పాటు చూసుకోండి.

బయట దేశాల్లో శరణార్థులకు ఇలా చోటివ్వడాన్ని సంస్థ పద్ధతిగా పెట్టుకున్నవాళ్లున్నారు. బెర్లిన్ మ్యూజియంలలో 2015లో మొదలైన ముల్తకా అనే కార్యక్రమంలో సిరియా, ఇరాక్ నుంచి వచ్చిన శరణార్థులకే శిక్షణ ఇచ్చి గైడ్‌లుగా పెట్టారు, వాళ్లు తమ భాషలో తమవాళ్లకు మ్యూజియం చూపిస్తారు. ఇంగ్లండ్‌లో లీడ్స్ నగరంలోని ఒక పెద్ద థియేటర్ 2014లో శరణార్థులకు ఆశ్రయమిచ్చే థియేటర్‌గా గుర్తింపు తీసుకుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈ పిల్లలకు వాళ్ల అక్కలే దారి చూపించే రోజు రావాలని నాకు గట్టి కోరిక. పాతబస్తీలోనే ఉంది, వాళ్లకు అంత దూరమూ కాదు.

దూరం అంటే గుర్తొచ్చింది, వాళ్లను బంజారాహిల్స్‌కో మాదాపూర్‌కో రప్పించాలని చూడకండి. మెట్రో బాలాపూర్ దాకా రాదు, తోడు వచ్చే పెద్దవాళ్లకు ఆ రోజు కూలి పోతుంది. మీరే వెళ్లండి.

ఎప్పుడు అంటే, జూన్ 20 ప్రపంచ శరణార్థుల దినం కాబట్టి అందరూ ఆ రోజే ప్రోగ్రామ్ అడుగుతారు. మన దగ్గర బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, ఆ రోజుల్లో ఫీల్డ్ వర్కర్లు అడ్మిషన్ల టెన్షన్‌లో ఊపిరి తీసుకోలేరు. ఏప్రిల్, మేలో రేకుల కింద కూర్చోలేం. రంజాన్ నెల వదిలేసి, దసరా సెలవుల్లోనో నవంబర్, డిసెంబర్ ఆదివారాల్లోనో పెట్టుకోండి. ఇప్పుడు మాత్రం వర్క్‌షాప్ మాట ఎత్తకుండా ఒకసారి వెళ్లి, బడి అడ్మిషన్ ఫారాలు నింపడానికి మనుషులు కావాలా అని అడగండి. కచ్చితంగా కావాలంటారు.